ఇత్తడి పలక మీద లేని పేరు

అరోరా, ఇల్లినాయ్
2009 ఏప్రిల్ 18

అక్కా,

మొన్న ఫోన్‌లో నా మాటల్ని రజిని మధ్యలో నిలబడి నీకు అరిచి చెప్తుంటే నాకే సిగ్గేసింది. అక్కచెల్లెళ్ళ మాటలు కూతురి గొంతు మీదుగా పోవడమేమిటి? నీకు చెవులు వినపడకపోతేనేం, కళ్ళు నాకంటే బాగున్నాయి. ఇక నుంచి ఉత్తరాలే.

ఆయనకి ఇంకా ఉద్యోగం దొరకలేదు. పొద్దున్నే స్నానం చేసి, చొక్కా టక్ చేసుకుని కంప్యూటర్ ముందు కూర్చుంటారు, ఇంటర్వ్యూకి పిలుస్తారేమోనని. నేనేమీ అడగను.

నాకు మాత్రం పని దొరికింది. గుడిలో అర్చన చేయించుకునేవాళ్ళ పేర్లు, గోత్రాలు రాసే పుస్తకం నా చేతిలోనే ఉంటుంది కదా. నా దస్తూరి చూసి, గుడికి వచ్చే అనురాధ గారు తనకి తెలిసిన ఒక ముసలి అమెరికా ఆయనకి నన్ను పరిచయం చేశారు. ఆయన పేరు వాల్టర్ గ్రెబ్నర్, ఎనభై మూడేళ్ళు. వెనకటికి ఈ చుట్టుపక్కల బ్లాక్‌లాండ్ లీగ్ అని ఫుట్‌బాల్ పోటీలు జరిగేవట. బ్లాక్‌లాండ్ అంటే మన నల్లరేగడి లాంటి నేల. 1946 నుంచి 1953 దాకా ఎనిమిదేళ్ళు ఆడి ఆగిపోయింది. మిగిలిన ఆటగాళ్ళు ఒక సంఘం పెట్టుకున్నారు, దానికి ఈయన ప్రెసిడెంట్. చెప్పుల పెట్టెల్లో మ్యాచ్‌ల కార్డులు వేల కొద్దీ ఉన్నాయి. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించాలి. అదే నా పని.

ఫుట్‌బాల్ అంటే మనం అనుకునే ఆట కాదు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెడతారు, మిగతావాళ్ళు మీద పడి కూల్చేస్తారు. కూలకుండా గీత దాటితే ఆరు పాయింట్లు. కాలు తగిలేది ఎప్పుడో ఒకసారి. పేరు మాత్రం ఫుట్‌బాల్.

వసుమతి

*

బెంటన్‌విల్, అర్కన్సా
2009 మే 3

వసూ,

స్కూల్లో ఆటల పీరియడ్ వస్తే కడుపునొప్పి అని బల్ల మీద పడుకునేదానివి. ఇప్పుడు నువ్వు ఆటల లెక్కలు రాస్తున్నావంటే నవ్వి నవ్వి నిజంగానే నాకు కడుపునొప్పి వచ్చింది. రజిని భయపడి వాము తెచ్చింది.

మరిదిగారిని బెంగ పెట్టుకోవద్దను. ఇక్కడ కూడా మనవాళ్ళ కాంట్రాక్టులు నలుగురివి పోయాయి. ఈ ఊళ్ళో కారు లేకపోతే ఉప్పు ప్యాకెట్ కూడా దొరకదు. నేను కిటికీ దగ్గర కూర్చుని ఎవరి ఇంటి ముందు కారు పగలంతా కదలకుండా ఉందో చూసి, ఎవరి ఉద్యోగం పోయిందో చెప్పేస్తున్నాను.

నీ పని గట్టిగా పట్టుకో. ఆ ముసలాయనతో జాగ్రత్త. ఆ ఆటల కబుర్లు ఇంకా రాయి, నాకు వేరే కాలక్షేపం లేదు.

బాలమణి

*

అరోరా
2009 జూన్ 14

అక్కా,

అయిపోయింది. ఎనిమిది సీజన్లు, ఆరు జట్లు, ఏడు వందల పైచిలుకు మనుషులు. పోయిన వారమే జాబితా వాల్టర్ గారికి అప్పగించాను. ఒక కాపీ నీకూ పంపుతున్నాను. తప్పులు వెతకడానికి కాదు, మురిసిపోవడానికి.

వీళ్ళంతా ఆదివారం ఆటగాళ్ళే అక్కా. వారమంతా ఫ్యాక్టరీలో, ఆదివారం మైదానంలో. మన అరోరా జట్టు పేరు లాంటర్న్స్, అంటే లాంతర్లు. మొదటి సీజన్‌లో అందరికీ సరిపడా హెల్మెట్లు లేక, బయటికి వచ్చినవాడు లోపలికి వెళ్ళేవాడికి తన హెల్మెట్ తీసి ఇచ్చేవాడట. నలభై ఏడులో అక్టోబరంతా వాన. ఒక కార్డు మీద గుమాస్తా "బురదలో ఎవరు ఎవరో తెలియలేదు" అని రాసి, పాయింట్ల దగ్గర ఖాళీ వదిలేశాడు. నలభై తొమ్మిది ఫైనల్ మంచులో ఆడారు, లాంటర్న్స్ గెలిచింది. యాభై ఒకటిలో సగం మంది కొరియా యుద్ధానికి పోయారు, నలభై దాటినవాళ్ళు వాళ్ళ బదులు ఆడారు. యాభై మూడులో అందరి ఇళ్ళకీ టీవీలు వచ్చాయి. ఆఖరి మ్యాచ్‌కి వచ్చిన జనం తొంభై మంది. అదీ కార్డు మీద ఉంది.

లీగ్ మొత్తంలో వంద పాయింట్లు దాటినవాళ్ళ పేర్లు ఇత్తడి పలక మీద చెక్కిస్తారు. పద్నాలుగు మంది తేలారు. అక్టోబర్ 17న పాతవాళ్ళంతా కలిసే సభలో ఆ పలకని గోడకి బిగిస్తారు. దీపావళి నాడే పడింది, ఏం చేస్తాం.

వాల్టర్ గారు ముందే చెప్పారు. "ఒక్క తప్పు దొరికినా ఈ పని కాలేజీ పిల్లలకి ఇచ్చేస్తాను వాసూ" అని. నన్ను అలాగే పిలుస్తారు. తప్పు దొరకలేదు. ఫోటోలు సర్దే పనికి కూడా నన్నే ఉంచారు. అమ్మవారి దయ.

వసుమతి

*

బెంటన్‌విల్
2009 జూలై 2

వసూ,

జాబితా అందింది. వరసగా, శుభ్రంగా ఉంది. రెండు రోజులు కూర్చుని ఆసాంతం చదివాను. ఒకటి రెండు చోట్ల కన్ను ఆగింది కానీ, నాకు ఆ ఆటేమిటో, ఆ పేర్లేమిటో తెలియదు. నా మాటకి విలువేముంది.

పని నిలబడింది, అది చాలు. మరిదిగారి సంగతి రాయలేదు, ఏమైనా తెలిసిందా? రజిని ఆవకాయ పెట్టింది. ఆవపిండి ఎక్కువైంది, పంపను.

బాలమణి

*

అరోరా
2009 సెప్టెంబర్ 12

అక్కా,

ఆగకుండా రాసేస్తున్నాను, అక్షరాలు పాడైతే ఏమనుకోకు.

మంగళవారం సంఘం ఆఫీస్‌కి ఒక పెద్దాయన వచ్చాడు. నల్లజాతివాడు, పొడుగ్గా, కర్ర పట్టుకుని. టోపీ తీసి "గుడ్ మార్నింగ్ మేడమ్, సభ ఏ రోజు?" అని అడిగాడు. పేరు ఓటిస్ జేమ్స్ అట. లాంటర్న్స్‌కి ఎనిమిదేళ్ళూ ఆడాడట. పలక అప్పుడే చెక్కించి తెచ్చారు, బల్ల మీద గుడ్డలో ఉంది. చూపించాను. చూపించకుండా ఉంటే బాగుండేది. ఆయన వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు. మళ్ళీ కింది నుంచి పైకి చదివాడు. తర్వాత గుడ్డ తనే కప్పి, అంచులు సర్ది, "థాంక్యూ మేడమ్" అని వెళ్ళబోయాడు. నేనే ఆపి అడిగాను. నూట ముప్ఫై ఎనిమిది పాయింట్లు అన్నాడు. జేబులోంచి పేపర్ ముక్క తీశాడు. నలభై తొమ్మిది ఫైనల్ ఫోటో. బంతి చంకలో పెట్టుకుని మంచులో పరిగెడుతున్నది ఈయనే. చొక్కా మీద ముప్ఫై ఒకటి.

కంప్యూటర్‌లో చూశాను. ఆయన పేరు మీద అరవై ఆరే ఉన్నాయి, అవీ యాభై తర్వాతవి. నలభై తొమ్మిదిలో ఆయన పేరే లేదు! మిగతా కార్డులు ఏమైపోయాయి? పెట్టెలు నా దగ్గరికి రాకముందు ఎవరి ఇంట్లో ఉన్నాయి? వాల్టర్ ఇంట్లో.

వెళ్ళి అడిగాను. "ముసలివాళ్ళు తాము కొట్టినదానికంటే ఎక్కువే గుర్తుపెట్టుకుంటారు వాసూ, వదిలేయ్" అని నవ్వాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను గొంతు పెంచనని నీకు తెలుసు. ఆ రోజూ పెంచలేదు. మెల్లగానే అన్నాను. "అతను నల్లవాడని కార్డులు తీసేశారు. దేవుడు చూస్తాడు" అన్నాను. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది. "ఈ మాట ఇంకొకసారి అంటే ఇక్కడ ఉండవు" అన్నాడు.

ఉండకపోతే పోనీ. జట్టంతా హోటల్లో అన్నం తింటుంటే ఓటిస్ గారికి బస్సులోకి పొట్లం పంపేవారట, అక్కా. ఇదీ ఆయన చెప్పలేదు. ఒక కార్డు వెనక గుమాస్తా రాశాడు, "31కి బస్సులో భోజనం" అని. అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు అర్థమైంది. పొట్లంతో ఆగలేదు, పేరు కూడా తీసేశారు. శుక్రవారం పూజలో కూర్చుంటే పెదవులు మంత్రం అంటున్నాయి, లోపల ఆ మనిషిని తిడుతున్నాను. ఇన్నేళ్ళలో నాకు ఇలా ఎప్పుడూ కాలేదు.

వసుమతి

*

బెంటన్‌విల్
2009 సెప్టెంబర్ 19

వసూ,

కూర్చుని చదువు.

ఆ కార్డులు ఎవరూ తీయలేదు. నువ్వు పంపిన జాబితా నా ముందే ఉంది. నలభై ఆరు నుంచి నలభై తొమ్మిది వరకు జేమ్స్ ఓటిస్ అని ఒకడున్నాడు. లాంటర్న్స్, చొక్కా నంబరు 31, డెబ్బై రెండు పాయింట్లు. యాభై నుంచి ఓటిస్ జేమ్స్ అని ఇంకొకడున్నాడు. అదే జట్టు, అదే 31, అరవై ఆరు. ఒకడు ఆగిన చోట రెండోవాడు మొదలయ్యాడు. ఇద్దరూ కలిసి ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. రెండూ కూడు, నూట ముప్ఫై ఎనిమిది.

నలభై తొమ్మిది దాకా కార్డులు రాసిన గుమాస్తా మనలాగే ఇంటిపేరు ముందు రాసే రకం అయ్యుంటాడు. రెండోవాడు ఇక్కడివాళ్ళ పద్ధతిలో పేరు ముందు రాశాడు. నువ్వు మన అలవాటు కొద్దీ రెండు చోట్లా ముందున్నదాన్నే ఇంటిపేరు గడిలో వేశావు. కొవాల్‌స్కీ, ష్మిట్ లాంటివి వినగానే ఇంటిపేర్లని తెలిసిపోతాయి కాబట్టి సర్దుకున్నావు. ఈయన ఇంటిపేరు కూడా పేరులాగే ఉంది, అక్కడ దొరికిపోయావు. ఇక్కడి డాక్టర్ నన్ను ఇప్పటికీ "హలో వెలగా" అని పుట్టింటి ఇంటిపేరుతోనే పిలుస్తాడు కదా, వాడు చేసిన తప్పే నువ్వు తిరగేసి చేశావు.

ఇది నేను జూన్‌లోనే చూశాను. చెప్పలేదు. ఒక్క తప్పు దొరికినా పని పోతుందని నువ్వే రాశావు. మరిదిగారు ఇంట్లో ఉన్నారు. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆటగాడు, బతికున్నాడో లేదో. పోతే పోయిందిలే అనుకున్నాను. ఇప్పుడు నువ్వు ఒకరిని పాపిష్టివాడని అన్నావు కాబట్టి చెప్పక తప్పలేదు.

బాలమణి

*

అరోరా
2009 సెప్టెంబర్ 28

బాలమణి గారికి,

మీ ఉత్తరం అందింది.

అవును, మీరు అనే రాస్తున్నాను. అక్కా అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

తప్పు నాదే. పెట్టెలు తీసి చూశాను, మీరు రాసినట్టే ఉంది. కానీ జూన్‌లో చెప్పి ఉంటే పది నిమిషాల్లో దిద్దేదాన్ని. పలక ఆగస్టులో చెక్కారు. మధ్యలో రెండు నెలలు. రెండు నెలలు మీరు ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని, ఆవకాయలో ఆవపిండి ఎక్కువైందని నాకు రాశారు. "బతికున్నాడో లేదో" అన్నారు. బతికే ఉన్నాడు. నా ముందు నిలబడి రెండుసార్లు చదువుకున్నాడు. నా కోసమే దాచానంటారు. నేను అడిగానా? నా పేరు చెప్పి ఇంకొకరి పేరు తుడిచే హక్కు మీకు ఎవరిచ్చారు?

వాల్టర్ గారి దగ్గరికి వెళ్ళాను. చేతులు జోడించి క్షమించమన్నాను. మనస్ఫూర్తిగానే అడిగాను, అనరాని మాట అన్నాను కదా. ఆయన కుర్చీలో వెనక్కి వాలి పెద్దగా ఊపిరి వదిలాడు. పలక ఎప్పుడు మారుస్తారని అడిగాను.

"మార్చడమా? సభ మూడు వారాల్లో ఉంది. అయ్యాక ఏదో కాగితం అంటిద్దాం."

"ఓటిస్ గారికి ఏమని చెప్పాలి?"

"ఏమీ చెప్పకు. ఎనభై నాలుగేళ్ళవాడు, ప్రశాంతంగా ఉండనీ. నువ్వు నన్నన్న మాట నేను మర్చిపోతాను. నీ తప్పు నువ్వు మర్చిపో. నీ ఉద్యోగం నీకు, నా పలక నాకు."

మీరూ ఆయనా ఒకే మాట మాట్లాడారు, గమనించారా?

నిన్న ఓటిస్ గారి ఇంటికి వెళ్ళాను. మా ఇంటికి నాలుగు మైళ్ళు. జూలైలో జాబితాని సరిచూడమని బతికున్న ఆటగాళ్ళందరికీ పోస్టులో పంపారు, ఈయనకి మాత్రం "అడ్రస్ తెలియదు" అని పంపలేదు. నాలుగు మైళ్ళు!

అరుగు మీద కుర్చీ వేశాడు. అంతా చెప్పాను. మా దేశంలో ఇంటిపేరు ముందుంటుందని, నేనే ఆయన్ని ఇద్దరు మనుషుల్ని చేశానని, వాల్టర్ గారి తప్పు లేదని. తిడతాడనుకున్నాను. కర్ర ఒళ్ళో పెట్టుకుని ఆసాంతం విన్నాడు. తర్వాత అడిగాడు.

"జాబితా ఎంతమంది సరిచూశారు?"

"ఇరవై ముగ్గురు సంతకాలు పెట్టి పంపారు."

"వాల్టర్ పెట్టాడా?"

"మొదటి సంతకం ఆయనదే."

అప్పుడు కోపం వచ్చింది ఆయనకి. కర్ర నేలకేసి కొట్టాడు. "నువ్వు నన్ను ఎరగవమ్మా. నువ్వు ఈ దేశానికి వచ్చేసరికే నేను ముసలివాణ్ణి. నీది పొరపాటు. వాల్టర్ ఎనిమిదేళ్ళు నా ముందు పరిగెత్తి, అడ్డం వచ్చినవాళ్ళని పడగొట్టి నాకు దారి చేసినవాడు. నేను గీత దాటిన ప్రతిసారీ వాడు అక్కడే ఉన్నాడు. అలాంటివాడు నేను లేని కాగితం చదివాడు. వాడికి ఏమీ తక్కువగా అనిపించలేదు. దానికి మీ దేశంలో ఏమంటారు?"

దాన్ని ఏమంటారో మీకు తెలిస్తే రాయండి.

వసుమతి

*

బెంటన్‌విల్
2009 అక్టోబర్ 5

వసుమతికి,

మీరూ గీరూ అని నన్ను దూరం పెట్టినంత మాత్రాన నేను నీకు అక్కని కాకుండా పోను. నన్ను వాల్టర్ పక్కన నిలబెట్టావు. నిలబడతాను. కానీ అతను తన పలక కోసం దాచాడు, నేను నీ ఇంట్లో పొయ్యి వెలగాలని దాచాను. రెండూ ఒకటే అనిపిస్తే నీ పూజలకి నమస్కారం.

ఆయన అడిగిన మాట నన్నూ వదలడం లేదు. మూడు రోజులుగా అన్నం సయించడం లేదు.

సభకి వెళ్ళకు. నీ తప్పుని నువ్వే పదిమందిలో చెప్పుకుంటే ఆ పదిమందీ హాయిగా దాన్ని నీ నెత్తిన పెట్టి ఇంటికి పోతారు. నా మాట విను.

బాలమణి

*

అరోరా
2009 అక్టోబర్ 19

అక్కా,

వెళ్ళాను. దీపావళి పూజ పొద్దున్నే ముగించుకుని, ప్రసాదం ఇంట్లో ఆయనకీ, పిల్ల నీహారికకీ పెట్టి, పట్టుచీరలోనే వెళ్ళాను.

నువ్వు చెప్పినట్టే జరిగింది, ముందు. పలక గోడకి బిగించి ఉంది. వాల్టర్ గారు నన్ను పిలిచి "మన రికార్డులన్నీ రాసిన మనిషి" అని చప్పట్లు కొట్టించారు. మైక్ వద్దన్నాను. మెల్లగా మాట్లాడితే వినడానికి అందరూ నోళ్ళు మూసుకోవాలి కదా. తప్పు నాదని చెప్పాను, ఎలా జరిగిందో చెప్పాను. ఎంత తేలిక పడ్డారో చూడాల్సింది! "అయ్యో పాపం", "పర్లేదు హనీ" అన్నారు. ఒకావిడ లేచి వచ్చి నా భుజం నిమిరింది. వాల్టర్ గారు నవ్వుతూ మైక్ అందుకోబోయారు.

నేను కూర్చోలేదు. "నేను అతన్ని ఎరగను. మీరు ఎరుగుదురు" అన్నాను. సంతకాలు పెట్టి పంపిన ఇరవై మూడు కాగితాలు సంచిలో తీసుకెళ్ళాను. ఒక్కొక్కటీ తీసి పేరు చదివి, "ఓటిస్ జేమ్స్ లేడని మీకు అనిపించలేదా?" అని అడిగాను. ప్రతిసారీ అదే ప్రశ్న. గొంతు పెంచలేదు. కొందరు ప్లేట్లలోకి చూశారు. కొందరు చెవి మిషన్ సర్దుకున్నారు. ఒకాయన "ఇదేమిటి, కోర్టా?" అని అరిచాడు. "కాదండీ, మీరే చదివి సంతకం పెట్టారు" అన్నాను. వాల్టర్ గారిని మొదట అడిగాను. ఆయన "లిస్టు నువ్వు చేశావు" అన్నాడు. "చేశాను. మీరు చదివారు" అన్నాను.

పదిహేడో కాగితం అవతలి జట్టాయనది. పేరు డీన్ హాల్వర్సన్, వాకర్ పట్టుకుని నడుస్తాడు. ఆయన లేచాడు. "నా మోకాలు పోయింది ఆ మనిషిని పట్టుకోబోయి. అరవై ఏళ్ళుగా వాన పడితే ఈ కాలు అతని పేరు చెప్తుంది. నేనూ సంతకం పెట్టాను" అన్నాడు. వాకర్ ఈడ్చుకుంటూ గోడ దగ్గరికి వెళ్ళి, పలక అంచు పట్టుకుని లాగాడు. రాలేదు. "చూస్తారేంరా ముసలి వెధవల్లారా, పట్టండి!" అన్నాడు. ఇంకో ముగ్గురు లేచారు. నలుగురి వయసూ కలిపితే మూడు వందలు దాటుతుంది. స్క్రూలు తీయడానికి వడ్డించేవాళ్ళ దగ్గర వెన్న కత్తి అడిగారు. వాల్టర్ గారు ఆపండి, ఆపండి అంటూనే ఉన్నారు. పలకని కిందికి దించి, పేర్లు గోడవైపు ఉండేలా నిలబెట్టారు. మళ్ళీ చెక్కించాలని పంతొమ్మిది మంది రాసి సంతకం పెట్టారు. వాల్టర్ గారు పెట్టలేదు. నన్ను సోమవారం నుంచి పనికి రావద్దన్నారు. అంటే ఈ రోజు నుంచి. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

నిన్న ఓటిస్ గారి దగ్గరికి వెళ్ళి చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను. "వాల్టర్?" అని ఒక్కమాట అడిగాడు. సంతకం పెట్టలేదన్నాను. తల ఊపాడు. కొత్త పలక క్రిస్మస్‌లోపు వస్తుంది, చూడటానికి మిమ్మల్ని నేనే దగ్గరుండి తీసుకెళ్తానన్నాను.

"నేను చూడటానికి రాను. వాళ్ళ మీద కోపం నాకు అలాగే ఉంది, నీ మీద కూడా కొంచెం ఉంది. కానీ నా పేరు అక్కడ ఉండాలి" అన్నాడు.

అక్కా, ఈ ఇంటి పొయ్యి కోసమే దాచావని నాకు తెలుసు. తెలిసినా కోపం తగ్గలేదు. అమ్మవారి ముందు కూర్చుని తగ్గించమని అడిగాను, తగ్గలేదు. ఇక అడగడం మానేశాను. ఇది ఇలాగే ఉంటుంది, చాలాకాలం. నీ ఉత్తరం వస్తే ఆ రోజే విప్పుతానని మాట ఇవ్వలేను.

కానీ నువ్వు రాయాలి.

వసుమతి